తీసేసే డాక్టరమ్మ

మందు రాసే డాక్టర్లు మండపేటలో వీధికి ముగ్గురున్నారు. మందు తీసేసే డాక్టరు మాత్రం ఊరు మొత్తానికి ఒక్కతే, డాక్టర్ వకుళ. అరవై ఒక్కేళ్ల మనిషి. సన్నగా, ముక్కు మీద కోపంతో, ముప్ఫై ఆరేళ్లుగా ముసలివాళ్లకే వైద్యం చేస్తోంది. ఆమె దగ్గరికి వెళ్లేవాళ్లు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ బట్టలకొట్టు సంచీలోనో పాత బిస్కెట్ల డబ్బాలోనో వేసుకుని వెళ్లాలి. అది అక్కడి ఆచారం. ఆమె వాటిని పెద్ద స్టీలు పళ్లెంలో కుమ్మరించి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్కటే పక్కకు లాగేది. ఇది ఎవరు రాశారు, ఎప్పుడు, దేనికి అని అడిగేది. జవాబు దొరకని మాత్ర చెత్తబుట్టలోకి పోయేది.

మాత్ర రాయని డాక్టరేం డాక్టరని మొదట్లో ఊరు నవ్వింది. మంచం దిగలేని మామ్మలు లేచి పెరట్లో పూలు కోసుకోవడం చూశాక నోరు మూసుకుంది. అప్పట్నుంచీ ఆమె తీసేసే డాక్టరమ్మ.

అలాంటి చోటికి సాటిపెట్టె వచ్చింది. ప్రభుత్వం పెట్టిన పేరు వేరే ఏదో ఉంది కానీ ఎవరికీ నోరు తిరగదు. చేటంత పెట్టె, దానికొక గొట్టం. ముసలివాళ్లు ఆ గొట్టంలోకి మూడుసార్లు ఊదితే చాలు, కాలేయం ఎంత అలిసిందో, మూత్రపిండాలు ఎంత వడకడుతున్నాయో, గుండె ఇంకెన్నాళ్లు లాగుతుందో ఊపిరిని బట్టే పసిగట్టేది. తరవాత రాష్ట్రంలో అచ్చం అలాంటి ఒళ్లే ఉన్న నలభైమందిని వెతికి పట్టుకుని, వాళ్ల డాక్టర్లు ఏమేం రాశారో తెర మీద పరిచేది. రోగుల పేర్లు కనపడవు, డాక్టర్ల పేర్లు కనపడతాయి. ఎక్కువ అనుభవం ఉన్న డాక్టరు పేరు పైన, తక్కువవాళ్లది కింద. సాటివాళ్లు రాసినట్టే రాస్తే ఆసుపత్రి గుమ్మం మీద పచ్చదీపం, కాస్త జరిగితే పసుపు, బాగా జరిగితే ఎరుపు. మూడు నెలలు వరసగా ఎరుపు వెలిగిన డాక్టరుకి అరవై అయిదు దాటినవాళ్లకు మందు రాసే హక్కు పోతుంది.

న్యాయం చెప్పాలంటే మొదటి ఏడాది పెట్టె మంచే చేసింది. మనిషికి ఇరవై మాత్రలు రాసే ఘనులు దారికొచ్చారు. అసలు జబ్బు తరవాత మొదలైంది. ఒక మాత్ర కలిపితే పెట్టె పెద్దగా పట్టించుకోదు. తీస్తే మాత్రం ఎందుకు తీశావని నిలదీస్తుంది. నలుగురితో నారాయణ అంటే పోయేదేముందని డాక్టర్లందరూ తీయడం మానేశారు. నలభైమందీ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని రాయడం మొదలుపెట్టారు. సగటు ఏటికేడాదీ ఒక్కో మాత్ర చొప్పున లావెక్కింది.

ఆ పెట్టె కట్టింది ఎవడో ముక్కూమొహం తెలియనివాడైతే వకుళ అంత రగిలిపోయేది కాదు. కట్టింది హరనాథ్. ఆరేళ్లు ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆమె పళ్లెం ముందే వైద్యం నేర్చుకున్నవాడు. ఆమె ముప్ఫై ఏళ్ల నోటుపుస్తకాలు అడిగి పట్టుకెళ్లి, వాటితోనే పెట్టెకు అక్షరాభ్యాసం చేయించాడు. వకుళ మురిసిపోయి ఇచ్చింది. పాలు పోసి పెంచడమంటే అదే.

కిందటేడు సత్తెయ్య అనే ఎనభై రెండేళ్ల ఆయన వచ్చాడు. ఊరికే పడిపోతున్నాడని, పడ్డప్పుడల్లా ఒళ్లంతా నెత్తురు కమ్ముతోందని, వకుళ ఆయనకు రక్తం పలచబరిచే మాత్ర ఆపింది. ఆరు వారాలకు పక్షవాతం వచ్చి పోయాడు. మాత్ర ఆపకపోతే బతికేవాడో, ఏ రాత్రో తల పగిలి పోయేవాడో దేవుడికే తెలియాలి. పెట్టెకు మాత్రం తెలుసు. నలభైమందిలో ముప్ఫై ఎనిమిది మంది ఆపలేదంది. కాకినాడలో విచారణ పెట్టారు. హరనాథ్‌ని సాక్షిగా పిలిచారు. ఒక్క మాట అడ్డం వేస్తాడని వకుళ ఆశపడింది. అతను లేచి, ఆమె వైపు చూడకుండా, నెమ్మదిగా చెప్పాడు.

"మేడమ్‌గారి చెయ్యి మంచిదేనండి. కానీ లెక్కకి అందని చెయ్యి. వైద్యంలో లెక్కకి అందని చెయ్యి ప్రమాదం."

ఆ మాట పేపర్లో వచ్చింది. అంతవరకూ పసుపులో నెట్టుకొచ్చిన వకుళ గుమ్మం మీద ఎర్రదీపం వెలిగింది. ఎర్రదీపం ఉన్న గుమ్మం ఎవరు తొక్కుతారు? ముప్ఫై ఏళ్ల స్నేహాలున్న ఇళ్లవాళ్లు కూడా రోడ్డు అవతల నుంచి తల వంచుకుని పోయారు. నర్సు మరియమ్మ ఒక్కతే మిగిలింది. వకుళ ఏడవలేదు. పగ పట్టింది. అన్నం తింటున్నా, స్నానం చేస్తున్నా హరనాథ్ అన్న ఆ మాటే చెవిలో మోగేది. ఎప్పుడో ఒకరోజు వాడి నోటితోనే ఆ మాట వాడికే అప్పజెప్పించాలి, అంతవరకూ చావకూడదు అనుకుంది.

రెండు నెలలు ఎరుపు వెలిగింది. మూడో నెల మొదట్లో, ఒక మంగళవారం పొద్దున్న, హరనాథ్ తనంతట తానే వచ్చాడు.

కారు సందు చివర ఆపి నడిచొచ్చాడు. చేతి ఆసరాతో తండ్రిని తీసుకొచ్చాడు. గవర్రాజుగారికి డెబ్భై తొమ్మిదేళ్లు. కాలవ లాకుల మీద, పడవల్ని ఎగువకీ దిగువకీ దాటించే తలుపుల దగ్గర, ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. హరనాథ్ ఇక్కడ చదువుకునే రోజుల్లో ఆయన ఆదివారాలొచ్చి, వరండాలో కూర్చుని, పడవని లాకులో ఎలా ఎక్కిస్తారో అందరికీ చేతులతో చేసి చూపించేవారు. ఇప్పుడు ఆ చేతులు వణుకుతున్నాయి. నెలలో మూడుసార్లు పడ్డారు. సంచీలో పదకొండు మాత్రలు.

ఆయన్ని లోపల కూర్చోబెట్టి, హరనాథ్ వరండాలోకి వచ్చి సంగతి చెప్పాడు. ఎంతమంది దగ్గరికి తిప్పినా ఒక్క మాత్ర తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పెట్టె కట్టినవాడి తండ్రి దగ్గర పెట్టెకి ఎదురెళ్లే మొనగాడెవడు? తనే తీద్దామంటే, ఇంకో మూడు నెలల్లో పెట్టె దేశమంతా వెళుతోంది. కట్టినవాడి దీపమే ఎర్రబడితే ఇంకేముంది. ఇంతవరకూ వకుళ ఓపిగ్గానే వింది. తరవాత అతను తల దించుకుని అన్నాడు.

"మీరు తీసేయండి మేడమ్. మీ దీపం ఎలాగూ ఎర్రగానే ఉందిగా."

పరువు తీసినవాడు, మిగిలిన కాస్త బతుకుతెరువు కూడా తన తండ్రి కోసం పణం పెట్టమంటున్నాడు. ఈ నెల కూడా ఎరుపైతే ఆమె ఆసుపత్రికి తాళమే. ఆ సంగతి అతనికి తెలియక కాదు, తెలిసే అడిగాడు. అది అర్థమయ్యేసరికి ఆమె కోపం చల్లగా గడ్డకట్టింది. సరే, చూస్తాను పద అంది.

గవర్రాజుగారు నవ్వుతూ చేతులు జోడించారు. వకుళ పళ్లెం తీయలేదు. పెట్టె తెరిచి గొట్టం అందించింది. ఆయన మూడుసార్లు ఊదారు. నలభై పేర్లు తెర మీదకొచ్చాయి, నలభైమందీ రాసింది ఒక్కటే. వకుళ పెన్ను తీసి, పదకొండు మాత్రలూ పేరుపేరునా పైకి చదువుతూ చీటీ రాసింది. బీపీ మాత్ర, దానివల్ల కాళ్లు వాస్తే నీళ్లు పోయే మాత్ర, నీళ్లు ఎక్కువ పోతే ఆపుకునే మాత్ర, దాని మత్తుకి మతిమరుపు వస్తే జ్ఞాపకశక్తి మాత్ర, దానివల్ల నిద్ర చెడితే మత్తు మాత్ర. ఒక మాత్ర ఇంకో మాత్రని ఎలా కంటుందో ఆరేళ్ల పాటు హరనాథ్‌కి చెప్పింది తనే. అతని మొహం పాలిపోతుంటే ఆమెకు ఆ ఏడాదిలో మొదటిసారి ఆకలేసింది.

"ఇదేంటి మేడమ్," అన్నాడు.

"లెక్కకి అందే చెయ్యి," అంది వకుళ.

జబ్బులు ఎన్ని ఎక్కువుంటే ఆ చీటీకి పెట్టె దగ్గర అంత విలువ. గవర్రాజుగారికి తొమ్మిది జబ్బులు. ఆ ఒక్క చీటీతో సాయంత్రానికి గుమ్మం మీద దీపం పసుపుకి మారింది. మరియమ్మ సంబరంగా బయటికెళ్లి చూసొచ్చింది. ఎందుకు మారిందో తెలిశాక ఆమె మొహంలో సంబరం పోయింది.

నెల తరవాత మళ్లీ వచ్చారు. హరనాథ్ ఇంకెక్కడికైనా తీసుకెళ్లొచ్చు కదా అంటే, ఎక్కడికెళ్లినా అవే నలభై పేర్లు. ఎప్పటికైనా తీయగలిగిన చెయ్యి ఇదొక్కటే అని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని చూసి వకుళకు లోపల్లోపల తీయగా ఉండేది. ఈసారి గవర్రాజుగారు గోడ పట్టుకుని నడిచారు. మాట ముద్దగా వస్తోంది. మరియమ్మ మాట కలపడానికి లాకుల సంగతి ఎత్తింది.

"పడవొచ్చిందనుకో అమ్మా, ఆయ్, పైతలుపూ కిందితలుపూ రెండూ ఒక్కసారే ఎత్తేత్తాం," అన్నారాయన, రెండు చేతులూ ఒకేసారి పైకెత్తి.

హరనాథ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. రెండు తలుపులూ ఒక్కసారే ఎత్తితే కాలవ కాలవంతా ఊడ్చుకుపోతుంది. ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా ఆయన ఆ తప్పు చేయలేదు. వకుళకూ ఆ సంగతి తెలుసు. అయినా గొట్టం అందించింది. పదకొండూ రాసింది.

అతను వరండాలో ఆమె కాళ్ల మీద పడబోయాడు. ఆమె వెనక్కి జరిగి, నలభైమంది పెద్ద పెద్ద డాక్టర్లు తప్పు రాస్తారా, నువ్వే చెప్పు అని అడిగింది. తప్పే రాశారు అన్నాడతను. నాకు చెప్తే ఏం లాభం, కాకినాడలో చెప్పాల్సింది అంది. ఆ నెలాఖరుకి దీపం పచ్చగా వెలిగింది. రోడ్డు అవతల నుంచి పోయినవాళ్లంతా ఇవతలకొచ్చారు. వరండా మళ్లీ సంచీలతో నిండింది. వాళ్లకి మాత్రం ఆమె మునుపటిలాగే పళ్లెం పెట్టి, దీపం మారనంతలో అటొకటి ఇటొకటి తీస్తూ వచ్చింది. గవర్రాజుగారి చీటీ వల్లే అంత వెసులుబాటు దొరికింది. ఒక ముసలాయన్ని తాకట్టు పెట్టి పాతికమందికి మేలు చేస్తున్నానని ఆమె తనకు తాను చెప్పుకుంది. మరియమ్మ నమ్మలేదు. ఒకరోజు మధ్యాహ్నం, కొడుకు మీద కోపం కొడుకు మీదే చూపించాలిగానీ ఆ లాకు సూపరింటెండెంటుగారు మీకేం చేశారమ్మగారూ అని అడిగేసి, జవాబు కోసం ఆగకుండా గాజు సీసాలు కడుక్కోవడానికి పోయింది. వకుళకు ఆ పూట అన్నం సయించలేదు. అయినా పగ దిగలేదు.

మూడోసారి గవర్రాజుగారిని కుర్చీలో మోసుకొచ్చారు. బాత్‌రూమ్‌లో పడి తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి అతికించారు. కొడుకుని చూసి, ఎవరండీ మీరు, పడవెక్కాలా అని మర్యాదగా అడిగారు. ఇంట్లోవాళ్లు పిలిచినా పలకడం లేదట. హరనాథ్ ఈసారి బతిమాలలేదు. కళ్లు లోతుకు పోయాయి, గడ్డం మాసి ఉంది. ఏం కావాలో చెప్పండి అన్నాడు.

వకుళ లేచి తన కుర్చీ ఖాళీ చేసింది. స్టీలు పళ్లెం తీసి బల్ల మీద పెట్టింది. ఒకప్పుడు అతను కూర్చున్న స్టూలు మీద తను కూర్చుంది.

"తియ్యి. నీ చేత్తో, నీ పేరు మీద. నేను నోరు కూడా మెదపను."

అతను కూర్చోలేదు. వారం రోజుల్లో ఢిల్లీలో సభ ఉంది, పెట్టెని దేశానికి అప్పజెప్పే సభ. వకుళకు అది తెలుసు. అందుకే అతనేం చేస్తాడో చూడాలని కళ్లార్పకుండా కూర్చుంది. కుర్చీలో గవర్రాజుగారి తల ఒక పక్కకు వాలిపోయి, చొంగ చొక్కా మీద పడుతోంది. హరనాథ్ కర్చీఫ్ తీసి ఆ చొంగ తుడిచాడు. తరవాత కూర్చుని సంచీ కుమ్మరించాడు.

వేళ్లు పని మరిచిపోలేదు. ముందు మత్తు మాత్ర లాగాడు. ఆపుకునే మాత్ర, జ్ఞాపకశక్తి మాత్ర, నీళ్ల మాత్ర, వాటి వెనకే ఇంకో మూడు. బీపీ మాత్ర మార్చాడు. కొన్నిటిని ఒక్కసారే ఆపకూడదు కాబట్టి వారం వారం ఎంత తగ్గించాలో రాశాడు. పదకొండులో నాలుగు మిగిలాయి. పెట్టె మూడుసార్లు అడిగింది, సాటి డాక్టర్లతో విభేదిస్తున్నారు, సరేనా అని. మూడుసార్లూ సరే నొక్కాడు. అతని పేరు ఎర్రగా మారి తెర మీద నిలబడింది. ఆ రంగు చూసి వకుళ ఒళ్లంతా హాయితో నిండిపోయింది. దాచుకోవడం దేనికి, అంత సంతోషం ఆమెకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

"ఇప్పుడు చెప్పు," అంది. "లెక్కకి అందని చెయ్యి?"

"ప్రమాదం కాదు మేడమ్," అన్నాడు హరనాథ్. "నాదే తప్పు."

తరవాతి సంగతులు పేపర్లో అందరూ చదివారు. సాటిపెట్టె కట్టినవాడే సాటివాళ్లతో విభేదించాడన్న వార్త రాష్ట్రమంతా పాకింది. ఢిల్లీ సభకి అతన్ని రావద్దన్నారు. అతని సంస్థే అతన్ని బయటికి పంపింది. పెట్టె ఆగిపోతుందని వకుళ అనుకుంది, అది ఆగలేదు. కన్నవాడు పోయినా బిడ్డ ఎదుగుతుంది కదా. వేరే ఎవరో కుర్చీలో కూర్చున్నారు, పెట్టె దేశమంతా వెళ్లింది. హరనాథ్ పేరు నలభై పేర్ల జాబితాల్లోంచి కొట్టేశారు. ఎర్రదీపం వాడి చీటీని పెట్టె లెక్కలోకి తీసుకోదు.

గవర్రాజుగారు ఎనిమిది వారాలకు కొడుకుని పేరు పెట్టి పిలిచారు. తుంటి మాత్రం మునుపటిలా కాలేదు, కర్ర లేకుండా ఇక నడవలేరు. ఆయన పంపిన తాటిబెల్లం పొట్లాన్ని వకుళ విప్పకుండానే అలమరలో పెట్టింది. ఆ మూడు నెలలకు ఆయనకి బాకీ పడ్డానని అనుకుంది. అయినా పని జరిగింది, కక్ష తీరింది, ఆయనా బతికాడు అని సర్దుకుంది. నిద్ర బాగానే పట్టేది.

జూన్‌లో పెట్టె వాళ్ల దగ్గర నుంచి ఒక ప్రశంసాపత్రం వచ్చింది. వరసగా పచ్చదీపం నిలుపుకున్నందుకు అభినందనలు అనీ, ఈ మూడు నెలల్లో మీ చీటీని చూసి మందులు ఖరారు చేసుకున్న సాటి శరీరాలు మూడు వందల పద్దెనిమిది అనీ రాసి ఉంది. వకుళ పెదవి విరిచి దాన్ని బల్ల మీద పడేసింది. ప్రశంసాపత్రాలు చదివే ఓపిక ఆమెకు ఎప్పుడూ లేదు.

తరవాతి సోమవారం తుని అవతల ఏదో ఊరి నుంచి ఒక కోడలు అత్తగారిని ఆటోలో తీసుకొచ్చింది. అత్తగారి పేరు పైడితల్లి, డెబ్భై ఎనిమిదేళ్లు. పచ్చగా, బొద్దుగా ఉండాల్సిన మనిషి, ఎటో చూస్తూ కూర్చుంది. రెండు నెలల కిందటి దాకా ఇంటిల్లిపాదికీ వండిపెట్టేదట. ఇప్పుడు పొయ్యి ఎలా వెలిగించాలో తెలియడం లేదు. రెండుసార్లు పడింది. కోడలు సంచీ అందించింది. వకుళ పళ్లెంలో కుమ్మరించింది.

పదకొండు. బీపీ మాత్ర, నీళ్ల మాత్ర, ఆపుకునే మాత్ర, జ్ఞాపకశక్తి మాత్ర. రంగులతో సహా తెలిసిన వరస. ఆమె వేలు పళ్లెం అంచు మీద ఆగిపోయింది. ఇవి ఎవరు రాశారని అడిగింది.

"మా డాక్టరుగారు మంచోడేనండి," అంది కోడలు. "నాలుగు తీసేద్దామనే అనుకున్నాడండి. పెట్టె తెరిచి చూస్తే పైన మీ పేరుందంటండి. మండపేట వకుళమ్మగారే పదకొండూ ఉంచేశారు, ఇంక నేనెవణ్ణి తియ్యడానికి అన్నాడండి. అందుకే ఒకసారి మీకే చూపిద్దామని తీసుకొచ్చానండి."

వకుళకు ఆ ప్రశంసాపత్రం గుర్తొచ్చింది. బల్ల మీద కాగితం ఉంది, అందులో అంకె ఉంది. మూడు వందల పద్దెనిమిదిలో ఒకటి ఎదురుగా కూర్చుంది. మిగతావాళ్లకు పేర్లు లేవు, ఊళ్లు లేవు, ఈ రోజు ఏ గోడ పట్టుకుని నడుస్తున్నారో పెట్టెక్కూడా తెలియదు. ఆమె తల వంచుకుని మాత్రలు లాగడం మొదలుపెట్టింది. మత్తుది ఒకటి, ఆపుకునేది ఒకటి, జ్ఞాపకశక్తిది ఒకటి. రెండుసార్లు మాత్ర కింద పడేసింది. మరియమ్మ వంగి తీసిచ్చింది, మొహంలోకి చూడకుండా.

కోడలు పళ్లెం వైపు వింతగా చూసింది. పక్కకు పోయిన మాత్రలు వేలితో లెక్కపెట్టింది. ఏడు.

"ఇయ్యన్నీ అక్కర్లేనివేనాండి?" అంది. "మరి అప్పుడు మీరెందుకుంచారండి?"